సైకిలు అద్దెకు రోజుకో రూపాయి

పల్లెల్లో బంతిని చక్కగా తన్నే కుర్రాళ్ళకు కొదవ లేదు. కొదవల్లా వారి వెంట నిలిచే పెద్ద మనిషికే. ఈ మాటకు తులసీదాస్ బలరాం కథే సాక్ష్యం.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో 1936లో పేద ఇంట పుట్టిన బలరాం, పాత పోలీసు బూట్లనే ఆటకు పనికొచ్చేలా కుట్టించుకొన్నాడు. అతని ఆట చూసిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌కు ప్రాక్టీసుకు రమ్మన్నారు. వచ్చిపోవడానికి డబ్బు లేదన్నాడు కుర్రవాడు. సైకిలు అద్దెకు తీసుకొమ్మని రహీం రోజుకో రూపాయి ఇచ్చారు. బడిపంతులుగా పనిచేసిన రహీం అప్పటికే దేశపు జట్టుకు శిక్షకుడు.

ఆ రూపాయి వృథా పోలేదు. 1956లో బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. ఆ పోటీల్లో భారత్‌కు నాలుగో స్థానం దక్కింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడే రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆరోగ్యం చెడి బలరాం కూడా 30 ఏళ్ళు నిండకముందే ఆట మానుకోవలసి వచ్చింది. రైల్వే ఉద్యోగం ఆదుకొంది. ఆయన 2023లో మరణించారు.

ఇప్పుడు ఆటలో డబ్బుంది, క్లబ్బులున్నాయి. మేనేజర్లమని చెప్పుకొనే వారూ ఊళ్ళకు వస్తున్నారు. మంచివారు వస్తే సంతోషమే. అయితే సెలక్షన్ చేయిస్తామని ముందే డబ్బడిగే వాడు మేనేజరు కాడు, దళారి. రహీం ఇచ్చారే గాని అడగలేదు. మంచిని కొలవడానికి ఆ కొలత చాలు.

తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టే ముందు ఆలోచించాలి. 18 ఏళ్ళు నిండని పిల్లవాడు చేసిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు. తెలుగులో చదివించుకోకుండా, నకలు చేతికి రాకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయరాదు. కాలు విరిగితే వైద్యం ఎవరిది, చదువు మాటేమిటి అని ముందే అడగాలి. జవాబు చెప్పలేని వాడి చేతిలో బిడ్డను పెట్టరాదు.

ఊరి పెద్దలకూ బాధ్యత ఉంది. జాతరకు చందాలు పోగుచేసే ఊరు, ఒక పేద ఆటగాడి బస్సు చార్జీలు, బూట్ల ఖర్చు భరించలేదా? బడి వ్యాయామ ఉపాధ్యాయుడు పేరు చెబితే, పంచాయతీ పూనుకొంటే అది పెద్ద భారం కాదు. ఆట కుర్రవాడిదే. దారి చూపించడం మాత్రం పెద్దల వంతు.