వ్యవసాయ రుణాల చదువు మనకెందుకు?

బీఎస్సీ వ్యవసాయ డిగ్రీలో రుణ వ్యవస్థ, సహకారం కూడా పాఠ్యాంశాలేనని మన కుటుంబాలలో చాలామందికి తెలియదు. తెలిసినవారు సైతం "అదంతా వడ్డీ లెక్కలే కదా" అని వెనుకాడుతున్నారు. ఈ సంకోచాన్ని మేము తేలికగా చూడము. వడ్డీ హరామ్ అన్నది మన విశ్వాసం. అయితే దానిని తెలుసుకోవడం వేరు, తినడం వేరు.

మామిడి తోటలు గుత్తకు పట్టేవారు, కౌలుకు సేద్యం చేసేవారు మనలో ఎందరో ఉన్నారు. బ్యాంకు గడప తొక్కని వీరు షావుకారు వద్ద నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తల వంచడం మేము చూస్తూనే ఉన్నాము. అంటే ఏడాదికి 36 శాతం. సకాలంలో చెల్లించే రైతుకు 3 లక్షల వరకు పంట రుణంపై పడేది 4 శాతమే. వడ్డీకి భయపడి పెద్ద వడ్డీలో పడుతున్నాము.

బ్యాంకులు తమ రుణాలలో 18 శాతం వ్యవసాయానికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. బలహీన వర్గాలకు కేటాయించిన వాటాలో మైనారిటీలూ ఉన్నారు. ఈ హక్కును అడగాలంటే ముందు అది ఉన్నదని తెలియాలి.

ఇక వడ్డీ లేని మార్గం మాటేమిటి? ధర మొత్తం ముందే చెల్లించి, నిర్ణీత కొలతతో, నిర్ణీత గడువుకు పంటను అందుకొనే సలమ్ ఒప్పందం మన ఫిఖ్‌లో ఉన్నది. ఉలమా మార్గదర్శనంలో దానిని సహకార సంఘాల రూపంలో నిలబెట్టడానికి లెక్క, చట్టం రెండూ తెలిసిన యువత కావాలి.

కనుక బైపీసీ చదివే బిడ్డలున్న తల్లిదండ్రులకు మా మనవి: మెడికల్ సీటు రాలేదని నిరాశపడకండి. అమ్మాయిలనైనా, అబ్బాయిలనైనా వ్యవసాయ కళాశాలకు పంపండి.