21 రోజుల అలక్ష్యం... ఏళ్ల తరబడి అవస్థ
మరణాల నమోదులో బాధ్యత ఎవరిది?

ఇంటి పెద్ద కన్నుమూస్తే పెద్దకర్మ పూర్తయ్యేవరకూ ఆ కుటుంబానికి మరో ధ్యాస ఉండదు. బంధువులు వెళ్లిపోయిన తరువాత బ్యాంకు పాసుపుస్తకం, బీమా బాండు, పట్టాదారు పుస్తకం ఒక్కొక్కటిగా బయటకు వస్తాయి. ఏ కార్యాలయానికి వెళ్లినా ముందుగా అడిగేది మరణ ధ్రువీకరణ పత్రమే. అది లేనిదే వితంతు పింఛను, బీమా సొమ్ము, భూమి పేరు మార్పిడి ఏదీ ముందుకు కదలదు. సకాలంలో నమోదైతే పైసా ఖర్చు లేకుండా చేతికి రావలసిన ఆ పత్రం కోసం పంచాయతీ నుంచి ఆర్డీవో కార్యాలయం వరకూ కాళ్లరిగేలా తిరిగే కుటుంబాలు ఎన్నో. 'గడువులోగా మీరే చెప్పలేదు' అన్నది వారికి తరచూ ఎదురయ్యే సమాధానం. చట్టాన్ని పరిశీలిస్తే ఆ సమాధానం సగమే నిజమని తేలుతుంది.

చట్టం చెప్పేదేమిటి?

జనన, మరణాల నమోదు చట్టాన్ని పార్లమెంటు 1969లో ఆమోదించింది. మరణం సంభవించిన 21 రోజుల్లోగా రిజిస్ట్రారుకు సమాచారం అందాలి. ఇంట్లో మరణిస్తే కుటుంబ పెద్ద, ఆసుపత్రిలో అయితే అక్కడి బాధ్యుడైన వైద్యాధికారి, జైలులో అయితే జైలరు, సత్రం, లాడ్జి వంటి చోట్ల వాటి నిర్వాహకుడు ఆ సమాచారం ఇవ్వాలి. బహిరంగ ప్రదేశంలో దిక్కులేని మృతదేహం లభిస్తే గ్రామాధికారి లేదా స్థానిక పోలీసు అధికారి తెలియజేయాలి. గ్రామాల్లో సాధారణంగా పంచాయతీ కార్యదర్శే రిజిస్ట్రారు. పట్టణాల్లో పురపాలక, నగరపాలక సంస్థల్లో ఇందుకు నియమితులైన అధికారులు ఉంటారు.

ఇదే చట్టంలోని ఏడో సెక్షను గురించి ఎక్కువమందికి తెలియదు. తన పరిధిలో జరిగిన ప్రతి జననాన్ని, ప్రతి మరణాన్ని తెలుసుకునేందుకు రిజిస్ట్రారు స్వయంగా చర్యలు తీసుకుని, వివరాలు సేకరించి నమోదు చేయాలని ఆ సెక్షను నిర్దేశిస్తోంది. శ్మశానవాటిక నిర్వాహకులు కూడా తమ దృష్టికి వచ్చిన మరణాలను తెలియజేయాలని మరో సెక్షను చెబుతోంది. ఊళ్లో ఎవరింట చావు జరిగినా సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది. రిజిస్టరులో మాత్రం ఆ పేరు కనిపించదు. తప్పు కుటుంబానిది మాత్రమే కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఎక్కడ మరణిస్తే అక్కడే నమోదు

ధ్రువపత్రం దొరకని సందర్భాల్లో చాలావాటికి కారణం వెదకవలసిన చోట వెదకకపోవడమే. మరణం నమోదయ్యేది మృతుని స్వగ్రామంలో కాదు, మరణం సంభవించిన చోట. గుంటూరు పెద్దాసుపత్రిలోనో, హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలోనో చికిత్స పొందుతూ మరణిస్తే ఆ వివరాలు ఆ నగరపు రికార్డుల్లోకి చేరతాయి. అంత్యక్రియలు స్వగ్రామంలో జరిగినా పంచాయతీ రిజిస్టరులో ఆ పేరు ఉండదు. ప్రయాణంలో ఉన్న వాహనంలో ప్రాణం పోతే, ఆ వాహనం మొదట ఆగిన చోటి రిజిస్ట్రారు వద్ద నమోదు కావాలని నిబంధన. అంబులెన్సులో తరలిస్తుండగా సంభవించే మరణాల్లో ఈ అంశం తరచూ చిక్కు తెచ్చిపెడుతుంది.

గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారి విషయమూ ఇంతే. నిజామాబాద్, జగిత్యాల, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి వెళ్లినవారు అక్కడ మరణిస్తే ఆ దేశపు అధికారులు ఇచ్చే పత్రం, భారత రాయబార కార్యాలయంలో నమోదు, ఈ రెండే ఆధారం. మృతదేహం స్వగ్రామానికి చేరినా ఇక్కడి పంచాయతీ ఆ మరణాన్ని నమోదు చేయజాలదు. శవపేటికతోపాటు వచ్చే కాగితాలను భద్రపరచుకోవలసిన అవసరం అందుకే.

గడువు దాటితే...

21 రోజులు దాటి 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుముతో రిజిస్ట్రారే నమోదు చేస్తారు. 30 రోజులు దాటి ఏడాదిలోపు అయితే జిల్లా రిజిస్ట్రారు లేదా ప్రభుత్వం నిర్దేశించిన అధికారి లిఖితపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తప్పనిసరి. గతంలో చట్టం ఈ అధికారాన్ని మొదటి శ్రేణి మేజిస్ట్రేటుకు ఇచ్చింది. 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో అది జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు మారింది. అందువల్ల దరఖాస్తుదారులు ప్రధానంగా ఆర్డీవో కార్యాలయాన్నే ఆశ్రయించవలసి ఉంటుంది. రిజిస్టరులో పేరు లేదని రిజిస్ట్రారు ఇచ్చే 'నాన్ అవైలబిలిటీ' పత్రం ఈ దరఖాస్తుకు మొదటి మెట్టు.

అదే సవరణ ప్రజలకు రెండు హక్కులు కల్పించింది. నమోదు పూర్తయిన ఏడు రోజుల్లోగా ధ్రువపత్రాన్ని ఉచితంగా ఇవ్వాలి. రిజిస్ట్రారు నిర్ణయంపై అసంతృప్తి ఉంటే 30 రోజుల్లోగా జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. ఈ రెండు విషయాలను బోర్డుపై రాసి ప్రతి కార్యాలయం ముందు పెట్టినా దళారుల పాత్ర చాలావరకు తగ్గుతుంది.

పాత రికార్డుల వేట

తాత మరణ ధ్రువపత్రం ఉంటేగానీ భూమి పంపకం తేలని కుటుంబాల కష్టం మరో రకం. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నకాలంలో 1899 నాటి మద్రాసు చట్టం కింద మరణాలు నమోదయ్యేవి. తెలంగాణ ప్రాంతం నిజాం పాలనలో ఉండటంతో నాటి గ్రామ లెక్కలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. 1984లో కరణం, మునసబు వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల స్వరూపం మారింది. ఇన్ని మార్పుల మధ్య రిజిస్టర్లు చేతులు మారాయి. కాబట్టి వెదకడానికి ముందు ఆ గ్రామం ఆ సంవత్సరంలో ఏ తాలూకా కింద ఉండేదో తెలుసుకోవాలి. పంచాయతీలో లేకుంటే తహసీల్దారు కార్యాలయపు రికార్డు గదిలో వాకబు చేయాలి.

రిజిస్టర్లు సంవత్సరాలవారీగా ఉంటాయే తప్ప పేర్లవారీగా కాదు. ఏ సంవత్సరమో చెప్పలేకపోతే వెదుకులాట గడ్డివాములో సూది కోసమే అవుతుంది. చట్టంలోని 17వ సెక్షను ప్రకారం ఎవరైనా రుసుము చెల్లించి రిజిస్టరులో వెదికించుకుని నకలు పొందవచ్చు. ఇంగ్లిషు తేదీ గుర్తులేని కుటుంబాల్లోనూ తద్దినం పెట్టే తిథి గుర్తుంటుంది. సంవత్సరం పేరు కూడా తెలిస్తే పాత పంచాంగం సాయంతో తేదీ రాబట్టవచ్చు. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగివస్తాయన్నది మరువరాదు. వికారి నామ సంవత్సరం 1959-60లో వచ్చింది, మళ్లీ 2019-20లో వచ్చింది. ఆసుపత్రి కాగితాలు, పింఛను నిలిచిన నెల, ప్రమాద మరణమైతే పోలీసుల పంచనామా సైతం తేదీ నిర్ధారణకు ఉపకరిస్తాయి.

పేర్ల తేడా మరో సమస్య. ఇంట్లో వెంకమ్మ, పట్టాదారు పుస్తకంలో వెంకటమ్మ, ఆధార్‌లో వెంకాయమ్మ అయితే బ్యాంకు అంగీకరించదు. 15వ సెక్షను కింద దిద్దుబాటుకు వీలుంది. అసలు నమోదును చెరపకుండా, రిజిస్ట్రారు మార్జినులో సవరణ రాసి సంతకం, తేదీ వేయాలి. కొట్టివేతలతో ఇచ్చే నకలు తరువాత చెల్లకపోవచ్చు.

పత్రంలో ఉండనిది

మరణ కారణాన్ని నకలులో వెల్లడించరాదని 17వ సెక్షను స్పష్టం చేస్తోంది. కొవిడ్ కాలంలో ఈ నిబంధన ప్రాముఖ్యం బాధిత కుటుంబాలకు తెలిసివచ్చింది. చేతిలో మరణ ధ్రువపత్రం ఉన్నా అది కొవిడ్ మరణమని నిరూపించలేని పరిస్థితి. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాతే కేంద్రం సెప్టెంబరులో మార్గదర్శకాలు జారీచేసింది. జిల్లా కమిటీల ద్వారా విడిగా పత్రం పొందే వీలు, రూ.50 వేల పరిహారం అప్పుడు వచ్చాయి. మరణ ధ్రువపత్రం వారసత్వాన్నీ నిర్ధారించదు. అందుకు తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రమో, అవసరమైతే కోర్టు ఇచ్చే వారసత్వ పత్రమో వేరుగా కావాలి.

ఏం చేయాలి?

మరణం జరిగిన వారంలోగా కుటుంబంలో ఒకరు మృతుని ఆధార్ నకలుతో వెళ్లి సమాచారమిస్తే చాలు. ఆసుపత్రిలో మరణిస్తే మృతదేహాన్ని తీసుకువచ్చే రోజునే నమోదుకు పంపారా, ఏ పేరుతో పంపారు అని అడిగి తెలుసుకోవాలి. ప్రభుత్వం వైపు చేయవలసినదీ ఉంది. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల నుంచి ప్రతి వారం మరణాల సమాచారం తెప్పించుకుని, పెద్దకర్మ నాటికే కార్యదర్శి ధ్రువపత్రాన్ని ఇంటికి పంపించవచ్చు. ఇందుకు కొత్త చట్టమేమీ అక్కరలేదు. చెదలు పడుతున్న పాత రిజిస్టర్లను గ్రామాలవారీగా కంప్యూటరీకరించి పేర్ల సూచిక తయారు చేయించడం కలెక్టర్లు చేపట్టదగిన పని. ఆ పుటలు శిథిలమైతే వాటిలోని పేర్లతోపాటు వారి వారసుల ఆధారాలూ పోతాయి. అప్పుడు ఏ అధికారి ఉత్తర్వు ఇచ్చినా అది సాక్షుల నోటిమాటపైనే ఆధారపడవలసి వస్తుంది.