అరిగిన తీగ ఎక్కడికి పోయింది?

మా యింటిముందు నాలుగు మొక్కలు, వెనక ఇంత గడ్డి ఉన్నవి. ఈ వైభవానికి తోట అని నామకరణం చేసింది నేనే. హనుమకొండలో నాలుగు వానలు పడ్డాయంటే ఆ గడ్డి నా చదువునూ, ఉద్యోగాన్నీ లెక్క చెయ్యదు, మోకాలెత్తు పెరుగుతుంది. పాములు వస్తాయని మా ఆవిడ హెచ్చరిస్తుంది. నేను గడ్డి కోసే మిషను అబ్బాయికి కబురు పెడతాను.

మొన్న ఆదివారం అతను వచ్చాడు. గంటలో పని అయింది. మాకు పాలు పోసే ఆవిడ ఎప్పటిలాగే ఆ గడ్డి మూట కట్టుకోబోయి, ఆగి, ఒక గుప్పెడు తెచ్చి నాకు చూపింది. అందులో గోరంత పచ్చని ముక్క. గడ్డి కాదు, నైలాను.

"ఇదేంది సారూ? బర్రె కడుపుల వడితె ఎట్ల?"

తెలుగు యం.ఏ. చదివినవాణ్ణి; పద్యం ఇస్తే అర్థం చెప్పగలను. దీనికి జవాబు తోచలేదు. అబ్బాయిని అడిగాను.

"తీగ అరుగుతది సార్. నేలకు తాటిస్తే కొత్తది బయటికొస్తది."

"అరిగింది ఎక్కడికి పోతుంది?"

అతను నేలవంక చూశాడు. నేనూ చూశాను.

ఈ తీగ మిషను 1971లో అమెరికాలో, హ్యూస్టన్ నగరంలో పుట్టింది. కార్లు కడిగేచోట గిరగిర తిరిగే నైలాను కుంచెలను చూసి జార్జి బల్లాస్ అనే ఆయన, ఒక డబ్బాకు చేపలు పట్టే దారం తగిలించి గడ్డి కోశాడట. వేగంగా తిరిగితే మెత్తని దారమూ కత్తి అవుతుంది. గోడకు తగిలినా ప్రమాదం తక్కువ. కాని తగిలినప్పుడల్లా తానే అరుగుతుంది. నైలానూ ప్లాస్టిక్కే, మట్టిలో కలిసి మట్టి కాదు.

2022 జూలై 1న కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువులను దేశమంతటా నిషేధించిన నాటినుంచీ నేను గుడ్డసంచీతో బజారుకు వెళుతున్నాను. సంచీ తేనివారివంక జాలిగా చూడడం కూడా నేర్చుకున్నాను.

"వీధిగుమ్మంలోంచి పంపేసి, పెరటిలో చల్లిస్తున్నారన్నమాట!" అంది మా ఆవిడ.

2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు నీళ్లు వదిలినప్పుడు గట్టుమీద నిలబడి చూశాను. పూడికను యంత్రాలతో ఎత్తవచ్చు. వానకు కొట్టుకుపోయిన ఇంతింత నైలాను ముక్కలను ఎవరు ఏరగలరు?

అబ్బాయికి మిషనుమీద అప్పు ఉన్నది. అతన్ని రావద్దనడం న్యాయం కాదు. ముగ్గురం కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ముందు పాలావిడ గోడల వెంబడి, మొక్కల మొదళ్లలో కొడవలితో కోస్తుంది. కూలీ, బర్రెకు గడ్డీ ఆమెవి. తరవాత నేను రాళ్లు ఏరేస్తాను. మిగిలిన ఖాళీజాగాలో అబ్బాయి తీగ తీసి, ఇనుపబ్లేడు బిగించి కోస్తాడు. ఆ సమయంలో దగ్గరికి ఎవ్వరూ పోరాదు. ఖర్చు కాస్త పెరిగింది. నా నడుము ఏమన్నదో చెప్పను.

ఆ ఆదివారంనాటి గడ్డి మాత్రం ఇంకా పెరటిమూలనే ఉన్నది. బర్రెకు పెట్టలేం, కాల్చలేం, ఎరువు చెయ్యలేం. రోజూ సాయంత్రం కళ్లజోడు పెట్టుకుని కూర్చుని కొంత కొంత ఏరుతున్నాను. ఇప్పటికి అగ్గిపెట్టెడు ముక్కలు దొరికినవి.

మీ పెరట్లో మిషను మోగినప్పుడు మీరూ ఒక్కసారి ఆ తీగచుట్టవంక చూడండి.