సంపు మూత ఎవరి బాధ్యత?

నీటి గండం ఈతకొలనులున్న ఇళ్లకే అని మనం అనుకుంటాము. అమీర్‌పేట, పంజాగుట్టల ఇరుకు గల్లీలలో ఈతకొలను ఎక్కడిది? కాని దాదాపు ప్రతి భవనం ముందూ నేల కింద నిండుగా నీరుంటుంది; అదే సంపు. జలమండలి నీరు వచ్చే వేళ మూత తీసి మట్టం చూస్తాము. ఇంతలో ఎవరో పిలిస్తే లోపలికి వెళ్తాము. ప్రమాదం పొంచి ఉండేది ఆ కొద్ది నిమిషాలలోనే.

2024 ఏప్రిల్‌లో మన నగరంలోనే, గచ్చిబౌలిలోని ఒక హాస్టల్‌లో, తెరచి ఉన్న సంపులో పడి ఒక యువ ఉద్యోగి మరణించాడు. పెద్దవారికే ఇలా జరిగితే, అప్పుడే నడక నేర్చిన పసివారి మాటేమిటి? వారికి వుజూ కోసం నింపి ఉంచిన బకెట్టు కూడా ప్రమాదమే. మునిగే బిడ్డ చాలాసార్లు కేక కూడా వేయలేదు.

సంపుకు గట్టి ఇనుప మూత, దానికి తాళం ఉండాలి. మూత తీసినవారు తిరిగి వేసేవరకు అక్కడే నిలవాలి. వాడని బకెట్లు బోర్లించాలి. సంపు శుభ్రపరచడానికి ఒంటరిగా దిగరాదు, లోపల ఊపిరాడకపోవచ్చు.

ఎవరైనా మునిగి శ్వాస ఆగితే, బయటకు తీసి నోటితో ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కాలి. మరొకరు 108కు ఫోను చేయాలి. తలకిందులుగా వేలాడదీయరాదు, పొట్ట నొక్కరాదు.

రాత్రివేళ పాత్రలపై మూత ఉంచమని దైవప్రవక్త (స) బోధించారు. గిన్నె మూత మరువని మనం సంపు మూత మరువవచ్చునా? సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. నేటి మగ్‌రిబ్‌కు ముందే ఒకసారి వెళ్లి చూద్దాం.