పిల్లల మధుమేహం – బీమా చూడని ఖర్చు

మధుమేహం అనగానే మన ఇళ్ళలో నడివయసు దాటిన పెద్దలే గుర్తుకు వస్తారు. కాకర రసం, మెంతిపొడి, నేరేడు గింజల చూర్ణం, పొడపత్రి ఆకు – ఇటువంటి పత్రికలు చదివే గృహిణులకు వీటి మోతాదులు కంఠస్థమే. కాని ఆరేళ్ళ పిల్లవానికో, పదేళ్ళ బాలికకో వచ్చే మొదటి రకం మధుమేహం వేరు. అందులో శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే ఎదురు తిరిగి, క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నశింపజేస్తుంది. సుశ్రుతాచార్యులు ప్రమేహాన్ని సహజమనీ, అపథ్య నిమిత్తజమనీ రెండుగా విభజించి, సహజ ప్రమేహి కృశించి ఉంటాడని చెప్పారు. దానిని నేటి మొదటి రకంతో అచ్చంగా సమానం చేయడం కుదరదు గాని, తిండి వల్ల వచ్చినదీ, తిండితో నిమిత్తం లేనిదీ ఒకటి కాదన్న వివేచన మన పూర్వులకు ఉండేదని మాత్రం తెలుస్తున్నది.

కనుక ముందుగా ఒక హెచ్చరిక. మొదటి రకం వ్యాధిలో ఏ చూర్ణమూ, ఏ కషాయమూ ఇన్సులిన్‌కు బదులు కాజాలదు. 1922 జనవరిలో టొరంటో నగరంలో లెనార్డ్ థాంప్సన్ అనే పధ్నాలుగేళ్ళ బాలునికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ వ్యాధి సోకిన పిల్లలు ఎక్కువ కాలం బ్రతికేవారు కారు. ఇంజెక్షన్ మానిపించి మందు ఇస్తామనే వారు ఏ వైద్య పద్ధతికి చెందినవారైనా సరే, వారి మాట వినరాదు.

ఇన్సులిన్ ఉన్నంత మాత్రాన కష్టం తీరదు. ఎక్కువైతే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు పట్టి, వణుకు పుట్టి, స్పృహ తప్పుతుంది. తక్కువైతే రక్తం ఆమ్లభరితమై ప్రాణాపాయం ఏర్పడుతుంది. పగలు సరే, పిల్లవాడు నిద్రలో ఉండగా చక్కెర 70 మిల్లీగ్రాముల కంటె దిగిపోతే ఎవరికి తెలుస్తుంది? అందుకే ఈ పిల్లల తల్లులు అర్ధరాత్రి రెండింటికి అలారం పెట్టుకొని లేచి, నిద్రపోతున్న బిడ్డ వ్రేలికి సూది గ్రుచ్చి చూస్తుంటారు. ఒకరోజు కాదు, ఏళ్ళ తరబడి.

ఈ అవస్థను చాలావరకు తగ్గించే సాధనమే నిరంతర గ్లూకోజ్ మానిటర్. జబ్బకు అంటించే రూపాయి బిళ్ళంత సెన్సర్ అది. దాని అడుగున వెంట్రుకవంటి సన్నని తీగ చర్మం క్రింది ద్రవంలో చక్కెరను కొలుస్తూ, కొద్ది నిమిషాలకొకసారి ఫోనుకు తెలుపుతుంది. రక్తంలోని మార్పు అక్కడికి చేరడానికి కొన్ని నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక, అనుమానం వచ్చినప్పుడు వ్రేలిపోటు పరీక్ష తప్పదు. అయినా చక్కెర దిగుతున్నదో, ఎక్కుతున్నదో బాణం గుర్తుతో చూపుతుంది. ప్రమాదపు అంచుకు రాగానే మ్రోగి నిద్ర లేపుతుంది.

పథ్యం మీద నమ్మకమున్న మనకు ఇందులో మరొక విశేషం ఉన్నది. మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలలో రాగిసంగటి నిత్యాహారం. రాగి మధుమేహానికి మంచిదని అందరూ అంటారు. మంచిదే కావచ్చు, కాని సంగటి ముద్ద ఎంత పరిమాణంలో, దేనితో కలిపి తింటే ఈ బిడ్డకు ఎంత చక్కెర పెరుగుతున్నది? అన్నం తిన్నప్పటి కంటె తక్కువా, ఎక్కువా? ఈ ప్రశ్నకు పుస్తకం జవాబు చెప్పదు, సెన్సర్ రెండు గంటలలో గీత గీసి చూపిస్తుంది. పథ్యం మనిషిని బట్టి మారుతుందన్న ఆయుర్వేద సూత్రానికి ఇంతకంటె మంచి సాక్ష్యం ఏమి కావాలి?

చిక్కంతా వెల దగ్గర వస్తున్నది. మన దేశంలో బాగా వాడుకలో ఉన్న సెన్సర్ 14 రోజులు పనిచేస్తుంది. సుమారు 5,000 రూపాయలు అనుకుంటే ఏడాదికి 26 సెన్సర్లకు 1,30,000 రూపాయలు. ఇన్సులిన్, సూదులు, డాక్టరు ఫీజు దీనికి అదనం. వ్రేలిపోటు స్ట్రిప్పులతోనే సరిపెట్టుకుందామన్నా, స్ట్రిప్పు 20 రూపాయల లెక్కన రోజుకు అయిదుసార్లు చూస్తే ఏడాదికి 36,500 రూపాయలు. చిన్న ఉద్యోగికి గాని, టమాటా ధరను నమ్ముకున్న రైతుకు గాని ఇది మోయలేని భారం. పైగా మధుమేహ నిపుణునికి చూపించాలంటే కుప్పం, పుంగనూరు కుటుంబాలు తరచు బెంగుళూరుకో, తిరుపతికో, వేలూరుకో వెళ్ళవలసి వస్తుంది. ఆ రోజు కూలీ, సెలవు, బస్సు ఖర్చు ఎవరూ లెక్క వేయరు.

మరి బీమా ఏమి చేస్తున్నది? ఆయుష్మాన్ భారత్ గాని, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తున్న పథకం గాని ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగుల కోసం ఏర్పడినవి. ప్రైవేటు పాలసీల తీరూ అంతే. వాటిలో గ్లూకోమీటరు, స్ట్రిప్పులు ఆసుపత్రి చికిత్స ఖర్చులో కలిసిపోయే వస్తువులుగా లెక్కకు వస్తాయి, ఇంటి వాడకానికి పైసా రాదు. అంటే బిడ్డ స్పృహ తప్పి ఐ.సి.యు.లో చేరితే వేల రూపాయల బిల్లు చెల్లిస్తారు. ఆ స్థితి రాకుండా కాపాడే సెన్సర్‌కు మాత్రం చెల్లించరు. ఇల్లు కాలుతుంటే నీళ్ళిచ్చి, బావి త్రవ్వుకుంటామంటే పలుగు ఇవ్వని పొరుగువాని ఉపకారం వంటిది ఇది.

ఇన్సులినే అందని పేదలుండగా సెన్సర్ విలాసం కాదా అని కొందరు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. ఇన్సులిన్, స్ట్రిప్పులు ముందు అందాలి, సందేహం లేదు. ఆ తరువాత పిల్లలకు, రాత్రివేళ చక్కెర పడిపోయే వారికి సెన్సర్ ఇవ్వడంతో మొదలు పెట్టవచ్చు. మాత్రలతో అదుపులో ఉన్న రెండవ రకం రోగులకూ, బరువు తగ్గడానికి సరదాగా అంటించుకునే ఆరోగ్యవంతులకూ బీమా సొమ్ము ఇవ్వనక్కరలేదు. (ఈ రెండో వర్గం కోసం వస్తున్న ప్రకటనల హోరు చూస్తే, అవసరమున్న వారికంటె కొనగలవారి మీదే వ్యాపారుల దృష్టి ఉన్నట్టున్నది.)

ఆసుపత్రి గోడల వెలుపల సహాయం చేయడం మనకు క్రొత్త కాదు. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం వెలసింది. దీర్ఘవ్యాధికి దీర్ఘకాలపు ఆదరణ కావాలని ఈ ప్రాంతం ఏనాడో చూసింది. నేడు క్షయరోగికి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇవ్వడమే గాక పౌష్టికాహారానికి నెలనెలా సొమ్ము ఇస్తున్నది. 2018లో 500 రూపాయలుగా మొదలైన ఆ మొత్తాన్ని 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు చేశారు. పొరుగున కేరళ ప్రభుత్వం ‘మిఠాయి’ అనే పథకం క్రింద మొదటి రకం మధుమేహమున్న పిల్లలకు ఇన్సులిన్ పెన్నులతో పాటు ఈ మానిటర్ల విషయంలోనూ తోడ్పడుతున్నది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2022లో మొదటి రకం రోగులందరికీ దీనిని సిఫారసు చేసింది.

నియమాలు మారవనుకోవడం పొరపాటు. ఆయుర్వేద చికిత్సకు బీమా వర్తింపజేయాలని మనం ఎన్నేళ్ళు అడిగాము! చివరకు 2024 ఏప్రిల్ 1 నుండి ఆయుష్ చికిత్సలను ఇతర చికిత్సలతో సమానంగా చూడాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. ముందునుండి ఉన్న వ్యాధులకు వేచి ఉండవలసిన గరిష్ఠ కాలాన్ని అదే ఏడాది నాలుగేళ్ళ నుండి మూడేళ్ళకు తగ్గించింది. ఆదాయంతో నిమిత్తం లేకుండా రాష్ట్రంలోని కుటుంబాలన్నిటికీ 2.5 లక్షల రూపాయల వరకు బీమా కల్పించే విధానాన్ని 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించింది. మధ్యతరగతి కుటుంబాలకు కూడా చోటు కల్పించిన ఆ విధానంలో, మొదటి రకం మధుమేహమున్న పిల్లల సెన్సర్లకు ఒక పద్దు చేర్చమనడం అత్యాశ కాదు. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గమైన కుప్పంలో అదే ఏడాది డిజిటల్ నెర్వ్ సెంటరు ప్రారంభమైనది. రోగుల వివరాలు కంప్యూటరులో భద్రపరచే చోట, ఈ పిల్లల సెన్సర్ లెక్కలను డాక్టరు దూరం నుండే చూసే ఏర్పాటును ప్రయోగంగా మొదలు పెట్టవచ్చును.

ఈలోగా తల్లిదండ్రులు చేయగలిగినది కొంత ఉన్నది. రాత్రిపూట చక్కెర పడిపోయిన తేదీలు, అప్పటి అంకెలు ఒక నోటుపుస్తకంలో వ్రాసి పెట్టుకోవాలి. సెన్సర్ ఎందుకు అవసరమో డాక్టరుచేత స్పష్టంగా వ్రాయించుకొని, బిల్లులన్నీ దాచాలి. ఔట్‌పేషెంటు ఖర్చులు ఇచ్చే పాలసీ అయితే క్లెయిము తప్పక పెట్టాలి. నిరాకరిస్తే కారణం వ్రాతపూర్వకంగా అడగాలి. కంపెనీ సమాధానం తృప్తికరంగా లేకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు.