పట్టాలు సరే, కొలువులేవి?

హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఒకసారి అడుగుపెట్టి చూడండి. పుస్తకాల ముందు తలవంచుకుని కూర్చున్నవాళ్లంతా డిగ్రీలు, పీజీలు, బీటెక్‌లు పూర్తిచేసినవాళ్లే. చదువు అయిపోయాక మళ్లీ కొలువు కోసం చదువుతున్నవాళ్లు.

ఇంతమంది పట్టభద్రులు ఊరికే పుట్టుకురాలేదు. సర్కారే పిలిచి చదివించింది. 2006-08 మధ్య నిజామాబాద్, నల్లగొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్‌లలో కొత్త విశ్వవిద్యాలయాలు వచ్చాయి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. కూలోళ్ల బిడ్డలు, నేతన్నల బిడ్డలు యూనివర్సిటీ గడప తొక్కారు. ఈ మార్పును మేము ఎన్నటికీ తప్పుపట్టం. ‘చదివినోళ్లు ఎక్కువైపోయారు’ అనే పెద్దమనుషులను ఒకటే అడుగుతున్నాం. మీ పిల్లలు చదివినప్పుడు ఈ మాట ఎందుకు గుర్తురాలేదు?

తప్పు చదువుది కాదు. సీట్లు పెంచిన పాలకులే పోస్టులను ఎండబెట్టారు. 2021లో వెలుగుచూసిన వేతన సవరణ కమిషన్ నివేదిక ప్రకారం రాష్ట్రంలో మంజూరైన 4.91 లక్షల పోస్టుల్లో 1.91 లక్షలు ఖాళీ. నీళ్లు, నిధులు, నియామకాల కోసం కొట్లాడి 2014లో తెచ్చుకున్న రాష్ట్రంలో తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ కోసం 2022 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. 503 పోస్టులకు 3.8 లక్షల దరఖాస్తులు! ప్రశ్నపత్రం లీకై ఆ ప్రిలిమ్స్ 2023 మార్చిలో రద్దయింది. మళ్లీ పెట్టిన పరీక్షను అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసింది. పరీక్ష మళ్లీ పెట్టొచ్చు. పోయిన వయసును ఎవరు తిరిగిస్తారు?

ప్రైవేటులో కొలువులు లేవా అంటారు. ఉన్నాయి. కానీ పెద్ద కంపెనీల ప్రాంగణ నియామకాలు పేరున్న కాలేజీల గేటు దగ్గరే ఆగిపోతాయి. జిల్లా కాలేజీలో బీఏ, బీకాం చదివిన అమ్మాయి దాకా రావు.

అన్నిటికన్నా సిగ్గుచేటు మరొకటుంది. పట్టాలిచ్చే విశ్వవిద్యాలయాల్లోనే ఏళ్ల తరబడి శాశ్వత నియామకాలు లేక కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులతో తరగతులు నడిపించారు. పాఠం చెప్పే సారు కొలువుకే భరోసా లేకపోతే, వినే విద్యార్థి పట్టాకు విలువెక్కడిది?

ఉద్యోగ మిత్రులకూ ఒక మాట. 2021లో పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెరిగినప్పుడు మనలో చాలామందిమి సంతోషించాం. బయట వరుసలో నిలబడ్డ తమ్ముళ్లు, చెల్లెళ్లు మూడేళ్లు నష్టపోయారని ఎందరం ఆలోచించాం? ఖాళీ కుర్చీల పనిభారం మోసేదీ మీరే. కనుక ఈ పోరాటం నిరుద్యోగులది మాత్రమే కాదు.

2024 ఆగస్టులో శాసనసభలో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. ప్రకటన చాలదు. తేదీ తప్పితే జవాబు చెప్పే చట్టం కావాలి. అధ్యాపక పోస్టులు ముందు నింపాలి. ఏ ఏడు ఎన్ని సీట్లు నిండాయో చెప్పే సర్కారు, ఎందరు కొలువుల్లో చేరారో కూడా జిల్లాలవారీగా చెప్పాలి.

సీటిచ్చినోళ్లే కొలువుల లెక్క చెప్పాలి. చెప్పేదాకా బరాబర్ అడుగుదాం.