టైరు తేడా చేస్తే

భిలాయ్‌ నుంచి విజయనగరం వైపు సొంత కారులో బయల్దేరే తెలుగు కుటుంబానికి సంక్రాంతి ప్రయాణమంటే రెండు ఘాట్‌ల పరీక్ష. కాంకేర్‌ దాటాక కేశ్‌కాల్‌ ఎక్కాలి. కోరాపుట్‌ దాటాక సాలూరు వైపు దిగాలి. కారులో ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. బయల్దేరేముందు ఆయిల్‌ చూస్తారు, గాలి కొట్టిస్తారు, బానెట్‌కు బొట్టు పెడతారు. నాలుగు టైర్ల మీదా ఒకే అంకెలున్నాయా అని మాత్రం చూసేవాళ్లు తక్కువ.

ఒక టైరు పాడైందనుకోండి. అదే సైజు షాపులో లేదు. రిమ్ముకు పట్టే మరో సైజు చూపించి, ‘చల్‌ జాయేగా సాబ్‌’ అంటాడు షాపతను. నిజమే, నడుస్తుంది. చిక్కల్లా అక్కడే.

ఉదాహరణకు 165/80 ఆర్‌14 అనే టైరునే తీసుకోండి. వెడల్పు 165 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. దాని బదులు 175/65 ఆర్‌14 వేశారు. రిమ్ము అదే, వెడల్పు ఇంకాస్త ఎక్కువ. కొన్నవారికి లాభమే అనిపిస్తుంది. లెక్క వేస్తే మొదటి టైరు వ్యాసం దాదాపు 620 మి.మీ., రెండోదానిది 583. వెడల్పు టైరు కాస్తా పొట్టి టైరని తేలింది. పక్క చక్రంతో సమానంగా సాగాలంటే అది కిలోమీటరుకు 32 చుట్లు అదనంగా తిరగాలి. సాధారణంగా ఈ సైజుల్లో మొదటిది 515 కిలోలు మోస్తే, రెండోది 475 కిలోలే మోస్తుంది.

మిల్లీమీటర్ల విలువ భిలాయ్‌కి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1959లో తొలి బ్లాస్ట్‌ ఫర్నేస్‌ మొదలైన ఈ ఊరు దేశంలోని రైళ్లకు పట్టాలు తయారు చేస్తోంది. ఆ పట్టాల మీద నడిచే బోగీల చక్రాలను లేత్‌ మీద చెక్కాక, ఒకే ఇరుసుకున్న రెంటి వ్యాసంలో తేడా అర మిల్లీమీటరు దాటకూడదన్నది రైల్వే నియమం. రెండు చక్రాలూ ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి అంత పట్టుదల. కారుకు డిఫరెన్షియల్‌ ఉంటుంది కాబట్టి 37 మి.మీ. తేడాను కూడా కొంతకాలం భరిస్తుంది. అయితే డిఫరెన్షియల్‌ను పెట్టింది మలుపుల్లో కాసేపు పనిచేయడానికి. ఇంజన్‌ తిప్పే చక్రాల జంటలో తేడా ఉంటే తిన్నని రోడ్డు మీద కూడా దానికి విశ్రాంతి ఉండదు. లోపలి గేర్లు వేడెక్కుతాయి, అరుగుతాయి.

అసలు ప్రమాదం బ్రేకు వేసినప్పుడు. రెండు వైపులా బ్రేకు ఒకే బలంతో పట్టినా, పొట్టి టైరు నేలను ఎక్కువగా లాగుతుంది. బండి ఆ పక్కకు గుంజుతుంది. 2019 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరైన ఏబీఎస్‌ నాలుగు చక్రాల వేగాలను పోల్చి చూసుకుని పనిచేస్తుంది. ఒక చక్రం ఎప్పుడూ వేగంగా తిరుగుతుంటే ఆ పోలికే తప్పుతుంది. ఊళ్లో 30 కి.మీ. వేగంతో తిరిగినన్నాళ్లు ఇదేమీ తెలియదు. ఘాట్‌ దిగుతుండగా, వానలో, ఎదురుగా లారీ వచ్చినప్పుడే తెలుస్తుంది.

మరి కంపెనీయే చిన్న స్టెప్నీ ఇస్తోంది కదా అనవచ్చు. దాని మీద గంటకు 80 కి.మీ. మించవద్దన్న స్టిక్కర్‌ కూడా ఉంటుంది. అసలు స్టెప్నీ పుట్టిందే తాత్కాలిక అవసరానికి. 1904లో బ్రిటన్‌లోని వేల్స్‌లో, లనెల్లీ పట్టణంలోని స్టెప్నీ వీధిలో తయారై ఆ పేరు తెచ్చుకుంది. దాని పని మిమ్మల్ని టైర్ల షాపుదాకా చేర్చడమే, సాలూరు దాకా కాదు.

పాటించాల్సినవి కొన్నే. డ్రైవర్‌ డోర్‌ దగ్గరి స్టిక్కర్‌ మీదున్న సైజే కొనండి. ఒకే ఇరుసుకు రెండూ ఒకే సైజు, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. రెండే కొత్తవి కొంటే వెనక వేయించండి. వెనక చక్రాలు జారితే బండిని అదుపు చేయడం మరీ కష్టం. ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌ అయితే నాలుగూ కలవాల్సిందే. దొరకని సైజు కోసం రెండు రోజులు ఆగాల్సివస్తే ఆగండి.

ఈసారి ఊరికి బయల్దేరేముందు గాలితోపాటు ఆ అంకెలు కూడా చూడండి. స్టెప్నీతో కలిపి ఐదు టైర్లు, ఐదు నిమిషాల పని.